పిడికెడు బియ్యం



ఏటా శ్రీరామనవమికి మీలో ఎందరో భద్రాద్రి వెళ్లి సీతారాముల కల్యాణం కన్నులారా చూసి వస్తూ ఉంటారు. సికింద్రాబాదులో రైలెక్కితే కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటిన తరువాత డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్డుకు పోయే దారి అక్కడే చీలుతుంది. అప్పటికే మన మనసు గోదావరి ఒడ్డుకు చేరిపోయి ఉంటుంది గనుక ఆ ఊరిని మనం పట్టించుకోము. ఈ ఆదివారం ఆ స్టేషనులో ఒక్కసారి దిగి చూద్దాం రండి. ఆ ఊరిని తన ఊరిగా చేసుకుని ముప్పై అయిదేళ్లు సేవ చేసి, అక్కడే కన్నుమూసిన ఒక మహనీయుని చరిత్ర మీకు విన్నవించాలని నా కోరిక. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. క్రైస్తవ మతాచార్యులు. ఇంగ్లండు దేశపు సంప్రదాయాన్ని అనుసరించే ఆంగ్లికన్ చర్చిలో బిషప్ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయులు.

కోఠిలో అర్చకత్వం చేసుకునే ఈ వేదపాఠి క్రైస్తవ బిషప్ కథ ఎందుకు ఎత్తుకున్నాడని మీకు సందేహం కలగవచ్చు. దానికి కారణం నా హారతి పళ్లెమే.

కొన్నేళ్ల కిందట ఒక కార్తిక సోమవారం గుడి కిటకిటలాడుతోంది. హారతి పళ్లెం పట్టుకుని వరుసగా వస్తున్నాను. బయట మెట్ల దగ్గర పూలమ్ముకునే ముసలమ్మ ఆ వరుసలో నిలబడి, కొంగు ముడి విప్పుతోంది. ఆ ముడి విడేలోపే నేను పళ్లెం పక్కకు తిప్పేశాను. పక్కన నిలబడ్డ పెద్దమనిషి చేతిలో అయిదు వందల నోటు కనిపించింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. తన రూపాయి బిళ్లను గడప మీద పెట్టి, ఆ గడపను కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. రాత్రి గుడి తలుపులు మూసేటప్పుడు ఆ బిళ్ల నా కాలికి తగిలింది. దానధర్మాల మీద ఎన్నో ఉపన్యాసాలిచ్చిన వాణ్ణి, ఇవ్వవచ్చిన చేతిని దేవుడి ఎదుటే కాదన్నానని అప్పుడు తెలిసింది. తరువాత కొంతకాలానికి అజరయ్యగారి చరిత్ర చదివాను. ఆయన జీవితమంతా అటువంటి రూపాయి బిళ్ల కోసమే పాటుపడ్డారనిపించింది. అందుకే ఈ వ్యాసం.

తిరునెల్వేలి నుంచి

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే పల్లెటూళ్లో జన్మించారు. వారిది నాడార్ కుటుంబం. ఆనాడు ఆ కులం వారికి మన ఆలయాల్లో ప్రవేశం లేదు. తండ్రి థామస్ వేదనాయగం క్రైస్తవం స్వీకరించి ఆ ఊరి చర్చిలో గురువుగా ఉండేవారు. తల్లి పేరు ఎల్లెన్. కుమారుడికి పదిహేనేళ్లు రాగానే 1889లో తండ్రి గతించారు. తల్లి పెంపకంలో చదువు సాగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అనారోగ్యం వల్ల పరీక్ష తప్పి పట్టా చేతికి రాలేదు. అయినా 1895 నుంచి యువజన క్రైస్తవ సంఘమైన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణదేశమంతా పర్యటించారు. 1898లో అన్బు మరియమ్మాళ్ అనే విద్యావంతురాలిని వివాహమాడారు. ఆ ఇల్లాలు ఆయన చేసిన ప్రతి పనిలోనూ తోడునీడగా నిలిచింది.

1902లో పనిమీద సింహళంలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో దూరప్రాంతంలో మతసేవ నడిపించడం చూశారు. తన స్వస్థలంలోని క్రైస్తవులు అంతకంటే ఎంతో ఎక్కువ మంది ఉండి కూడా గురువు జీతానికీ, బడి ఖర్చుకూ విదేశీ సంఘాల వైపే చేతులు చాచుతున్నారని తలచుకుని సిగ్గుపడ్డారు. తీసుకోవడం అలవాటైన చేతికి ఇవ్వడం మరపుకు వస్తుంది. ఇవ్వడం మరచిన భక్తికి వేరు ఉండదు. ఈ సంగతి ఆయన మనసులో నాటుకుంది.

మరుసటి ఏడాది 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూరులో మరికొందరితో కలిసి జాతీయ మిషనరీ సంఘానికి ప్రాణం పోశారు. మనుషులు మనవాళ్లే, ధనం మనదే, నిర్వహణ మనదే అనేది ఆ సంస్థల నియమం. బెంగాలులో స్వదేశీ ఉద్యమం రేగిన సంవత్సరం అదేనని మీకు జ్ఞాపకం చేస్తున్నాను.

డోర్నకల్ రాక

తిరునెల్వేలి సంఘం తన సేవకు ఎంచుకున్న క్షేత్రం మన తెలుగుసీమ. అప్పటికి డోర్నకల్ నిజాం రాజ్యంలోని ఒక చిన్న రైలు స్టేషను. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న మన కోఠి రెసిడెన్సీ భవనంలో ఆ రోజుల్లో ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధి దర్పంగా కొలువుండేవాడు. ఆ వైభవపు ఛాయలు కూడా సోకని పల్లె డోర్నకల్. 1909లో అజరయ్యగారు పట్టణంలోని ఉద్యోగం వదులుకుని, గురుదీక్ష తీసుకుని, భార్యాబిడ్డలతో ఆ పల్లెకు వచ్చారు. ముప్పై అయిదేళ్ల వయసులో ఓనమాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు.

ఆయన మాట విన్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల్లోని కూలీలు. పొలంలో దినమంతా కష్టపడితే సాయంత్రానికి కొలిచి ఇచ్చే గింజలే వారి కూలి. అప్పు తీరదు, సొంత భూమి ఉండదు. పాఠకులు నన్ను మన్నించాలి, ఇక్కడ ఒక నిజం చెప్పక తప్పదు. ఆనాడు మన ఆలయ గడప తొక్కే అధికారం వారికి లేదు. అన్నం పెట్టకపోవడం ఒక పాపమైతే, భగవంతుడికి ఇవ్వవచ్చిన చేతిని బయటే ఆపివేయడం అంతకు మించిన పాపం. ఒక కొబ్బరికాయ, ఒక పువ్వు, ఒక రాగి పైసా స్వామి పాదాల చెంత పెట్టే భాగ్యానికి వారిని దూరం చేశాం. వారి వద్ద ఇవ్వడానికి ఏమీ లేదని మనమే తీర్మానించాం.

ఇంతటి పేదలను చూసిన వారెవరైనా ఏం చేస్తారు? విదేశాల నుంచి ధనం తెప్పించి పంచుతారు. అజరయ్యగారు బడులు పెట్టించారు, వైద్యం అందేలా చూశారు, ఆకలిని చిన్నచూపు చూడలేదు. అయితే దానితో ఆగలేదు. ఆ పేదలనే ఇవ్వమని అడిగారు.

పొయ్యి వెలిగించే ముందు

ఆ అడగడం ఎలా ఉండేదో చూడండి. ఇల్లాలు పూట వంటకు గింజలు కొలుచుకుంటుంది. బియ్యమైనా, జొన్నలైనా సరే. పొయ్యి మీదికి ఎక్కించే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆ పిడికెడు దేవుడిది. ఆదివారం నాడు ఆ కుండలోని గింజలు చర్చికి చేరతాయి. ఊరందరి పిడికిళ్లూ కలిస్తే గురువుగారి గ్రాసానికీ, ఆరాధనకూ ఆసరా అవుతుంది. కోతల కాలం వచ్చిందంటే పండుగే. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, మేకలు, ఎవరికి కలిగింది వారు తలకెత్తుకుని, పాటలు పాడుకుంటూ కానుకగా తీసుకువచ్చేవారు. మనం సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండి సూర్యభగవానుడికి నివేదించి గాని నోట పెట్టము కదా. ఆ భావమే ఇదీ.

గుప్పెడు గింజలతో ఏ కొరత తీరుతుందని అడిగేవారు ఆనాడూ ఉండి ఉంటారు. అజరయ్యగారు చూసింది గింజలను కాదు, ఆ పిడికిలిని. తరతరాలుగా దోసిలి పట్టి నిలబడిన మనిషి మొట్టమొదటిసారి తన చేతిని పైన ఉంచి ఇస్తున్నాడు. ఇచ్చేది దొరకు కాదు, దొర గుమాస్తాకు కాదు, సాక్షాత్తు భగవంతుడికి. తీసుకునేటప్పుడు వంగిన వెన్ను ఇచ్చేటప్పుడు నిటారుగా నిలుస్తుంది. అందుకే పేదవాడని దయతలచి కానుక అడగకుండా వదిలివేస్తే అది వానికి చేసే మేలు కాదని ఆయన నమ్మారు.

ఈ విషయం మీదే ఆయన ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం రాశారు. ఆయన పోయిన తరువాత 1950లలో అది మళ్లీ ముద్రితమై అనేక దేశాల క్రైస్తవులకు చేరింది. ఆ బోధ సారం తేలికగానే అర్థమవుతుంది. సర్వసంపదలూ ఈశ్వరుడివి, మనిషి వాటికి కాపలాదారు మాత్రమే. కనుక కానుక అంటే మన సొమ్ము దేవుడికి ఇవ్వడం కాదు, ఆయన సొమ్ములోంచి మన వాడకాన్ని కాస్త తగ్గించుకోవడం. ప్రాచీన యూదుల శాస్త్రంలో రాబడిలో దశమభాగం దేవుడిదన్న నియమం ఉంది. అజరయ్యగారు దాన్ని అంతిమ హద్దుగా కాక తొలిమెట్టుగా చూడమన్నారు. ఎప్పుడో ఆవేశం వచ్చినప్పుడు కాకుండా, క్రమం తప్పకుండా, ఎవరి రాబడికి తగినట్టు వారు ఇవ్వాలన్నారు. దేవుడు ఏదో చేస్తాడని బేరం పెట్టి ఇవ్వడం కాదు, చేసిన మేలుకు కృతజ్ఞతగా ఇవ్వడం ముఖ్యమన్నారు. ముందు మనిషి తనను తాను సమర్పించుకోవాలి, ధనం ఆ సమర్పణకు గుర్తుగా వెనుక నడవాలి.

రెండు కాసులు, ఒక ముంగిస

క్రైస్తవుల గ్రంథంలో ఒక ఘట్టం ఉంది. యెరూషలేము ఆలయంలో కానుకల పెట్టెకు ఎదురుగా యేసు కూర్చుని ఉన్నాడు. ధనవంతులు పెద్ద మొత్తాలు వేసి వెళ్తున్నారు. ఒక పేద విధవరాలు వచ్చి రెండు చిన్న కాసులు వేసింది. అందరికంటే ఎక్కువ వేసింది ఈమేనని ఆయన శిష్యులను పిలిచి చూపాడు. తక్కినవారు తమకు మిగిలినదాంట్లోంచి ఇచ్చారు. ఈమె తన బతుకుతెరువునే ఇచ్చింది.

ఇది చదివినప్పుడు మహాభారతంలోని ముంగిస మీకు జ్ఞాపకం రావడం లేదా? ధర్మరాజు అశ్వమేధం ముగిసింది. దానాలకు లెక్క లేదు. అప్పుడు సగం దేహం బంగారమైన ముంగిస ఒకటి యజ్ఞశాలకు వచ్చి దొర్లి చూసుకుని పెదవి విరిచింది. కరువుకాలంలో రాలిన గింజలేరుకుని బతికే ఒక కుటుంబం, ఆకలితో వచ్చిన అతిథికి తమ పేలపిండిని ఒక్కొక్కరి వంతుగా మొత్తం పెట్టేసింది. ఆ పిండి సోకిన సగం దేహం బంగారమైందట. మిగిలిన సగం ధర్మరాజు యజ్ఞశాలలో కూడా బంగారం కాలేదు. యెరూషలేము కాసులనూ కురుక్షేత్రపు పేలపిండినీ తూచిన త్రాసు ఒక్కటే. అందులో ఎంత ఇచ్చామన్నది కాదు, ఇచ్చిన తరువాత మనకు ఎంత మిగిలిందన్నది చూస్తారు.

మన శాస్త్రం కూడా దానాన్ని రూపాయల్లో లెక్కించలేదు. తైత్తిరీయోపనిషత్తులో గురువు చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యుడికి శ్రద్ధతో, వినయంతో ఇవ్వాలనీ, ఇచ్చేటప్పుడు ఇంతేనా ఇస్తున్నానన్న సిగ్గు కూడా ఉండాలనీ చెప్పి పంపుతాడు. తిరిగి ఏమీ చేయలేని వానికి, ఇది నా విధి అనుకుని ఇచ్చేదే సాత్త్విక దానమని, ఫలం ఆశించి నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసమని గీతాచార్యుడు విభజించాడు. హుండీలో నోటు వేస్తూ కోరికల జాబితా చదివే మనం ఏ తరగతిలో ఉన్నామో ఎవరికి వారే చూసుకోవాలి.

ధనంతో తీరని లోటు

అజరయ్యగారి జీవితంలో మరొక ఘట్టం కూడా ఈ విషయానికే చెందుతుంది. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆహ్వానితుల్లో శ్వేతజాతీయులే అధికం. వారి ధనంతోనే ఈ దేశంలో ఎన్నో సంస్థలు నడుస్తున్నాయి. ఆ సభలో అజరయ్యగారు లేచి, ఆస్తులూ ఆయుష్షూ ధారపోసిన విదేశీయుల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, వారు మన ప్రజలకు ఇవ్వనిది ఒకటి మిగిలి ఉందన్నారు. అది స్నేహం. దొర బంట్లుగా కాక సమానులుగా, మిత్రులుగా చూడమని అడిగారు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. చరిత్రలో మాత్రం అది నిలిచిపోయింది. ధనం చేయి నుంచి చేతికి అందవచ్చు. పక్కన కూర్చోబెట్టుకోని దానం మాత్రం తీసుకున్నవాణ్ణి మరింత దూరం నెడుతుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఒక భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమా అని సందేహించిన రోజులవి. ఆయన మాత్రం తన తెలుగు పల్లెలకే తిరిగి వచ్చారు. డోర్నకల్‌లో ప్రధాన దేవాలయ నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మీరు చూస్తే ఆశ్చర్యపోతారు. మన దేవాలయ మండపాల్లో ఉండే రాతి స్తంభాలు, మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు అందులో కలిసి ఉంటాయి. ఆ దేవాలయానికి పెట్టిన పేరు ఎపిఫనీ. తూర్పుదేశపు జ్ఞానులు పసికందు యేసు ముందు బంగారం, సాంబ్రాణి, బోళం కానుకలుగా ఉంచిన సందర్భాన్ని క్రైస్తవులు స్మరించుకునే పండుగ అది. ఇవ్వడమే బోధించిన మనిషి కట్టించిన గుడికి కానుకల పండుగ పేరే కుదిరింది.

మతమార్పిడి విషయంలో మన ఆలోచన వేరు, ఆయన ఆలోచన వేరు. 1930లలో ఈ విషయమై గాంధీ మహాత్మునికీ ఆయనకూ స్పష్టమైన అభిప్రాయభేదం ఉండేది. దాన్ని నేను దాచను. స్వధర్మంలో నిలిచి ఉండడమే శ్రేయస్కరమని నమ్మే వాణ్ణి నేను. అయినా ఆ పేదలు మన గడప దాటి ఎందుకు వెళ్లారని ప్రశ్నించే ముందు, ఆ గడప లోపలికి వారిని మనం ఎందుకు రానివ్వలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

భిన్న శాఖలుగా ఉన్న దక్షిణదేశపు క్రైస్తవులను ఏకం చేయాలని అజరయ్యగారు చివరివరకూ శ్రమించారు. అది 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. దాన్ని చూసే యోగం ఆయనకు లేకపోయింది. 1945 జనవరి 1న, డెబ్బై ఏళ్ల వయసులో, డోర్నకల్‌లోనే తుదిశ్వాస విడిచారు.

మన ఇంటి కుండ

ఆ పిడికెడు బియ్యం మనకు పరాయిది కాదు. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు కూడా ప్రతి ఇంటా గృహిణి వంటకు ముందు పిడికెడు బియ్యం అన్నార్తుల కోసం వేరుగా తీయాలని ప్రబోధించారు. గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాల్లో దేవతలకూ, అతిథులకూ, పశుపక్ష్యాదులకూ భాగం తీయమన్నారు. నిత్యం అన్న మాటను గమనించండి. ఏడాదికి ఒకసారి పదివేలు ఇచ్చేవాడికి ఆ ఒక్కరోజే దేవుడు గుర్తుంటాడు. పూటకు పిడికెడు తీసే ఇల్లాలికి పొయ్యి వెలిగినప్పుడల్లా గుర్తుంటాడు.

కనుక మీ వంటింట్లో ఒక చిన్న డబ్బా ఉంచండి. పిల్లల చేత తీయించండి. మీ ఇంట పనిచేసే మనిషి తనకు తోచింది అందులో వేయబోతే, నీకెందుకమ్మా అని వారించకండి. నిండిన తరువాత దాన్ని గుడికిస్తారో, అనాథలకిస్తారో, ఆకలిగా ఉన్న పొరుగువారికిస్తారో మీ ఇష్టం. ఎవరికిచ్చినా పక్కన కూర్చుని కుశలమడిగి ఇవ్వండి. ఇక పుచ్చుకునే మాబోటి వారి మాట. ఇచ్చేవారికి ఎంత శ్రద్ధ ఉండాలో, పుచ్చుకునే చేతికి అంత భయం ఉండాలి. ఆ గింజ ఎవరి పూట తగ్గించి వచ్చిందో మాకు గుర్తుండాలి.

ఇక మన రైలు డోర్నకల్ దాటి కదులుతుంది. భద్రాద్రి రామయ్యను తొలుత కొలిచిన పోకల దమ్మక్క కథ మీకు తెలుసు. అడవిలో బతికే ఆ తల్లి తన దగ్గరున్న తాటిపండ్లే స్వామికి నివేదించింది. అప్పటికి అక్కడ గుడి లేదు, గోడ లేదు, ఆమె చేతిని ఆపేవారు లేరు. గోడలు కట్టుకున్న తరువాత కూడా ఆ చేతికి దారి ఉంచడమే మన ధర్మం.

గడప మీది రూపాయి బిళ్లను మరునాడు నేనే హుండీలో వేసి, స్వామికి తప్పు ఒప్పుకున్నాను. అప్పటి నుంచి కొంగు ముడి విప్పుతున్న చేయి కనిపిస్తే, ఆ ముడి విడేదాకా పళ్లెం పట్టుకుని నిలబడతాను.

స్వస్తి.